గుణదల కొండ కింద విచారణ

విజయవాడలోని గుణదల అనగానే అందరికీ ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే మేరీమాత ఉత్సవాలే గుర్తొస్తాయి. తలనీలాలు, కొబ్బరికాయలు, మతంతో పనిలేకుండా కొండెక్కే జనం. నా ఆలోచన మాత్రం మిగిలిన రోజుల మీదికి, ఈ మొక్కు మొదలైన రోజుల మీదికి పోతుంది.

ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి ఫాదర్ 1924లో ఇక్కడ మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. అప్పటికి ఇది బెజవాడ పొలిమేర. పక్కనే అనాథ బాలల ఆశ్రమం. ఆ పిల్లల భోజనం, చదువు చూసుకుంటూనే ఆయన ఆ పని చేశారు. బెజవాడ మేత్రాసనం ఏర్పడింది 1937లో. అంటే పీఠం కన్నా మొక్కే ముందు! నాకు అదే నచ్చుతుంది.

రెండో వాటికన్ మహాసభ తర్వాత లాటిన్ పూజ తెలుగులోకి వచ్చింది. అర్థం తెలియకపోయినా జపమాల తిప్పుతూ మోకరిల్లిన అవ్వలకు అది ఎంత పెద్ద మార్పో ఏ శిలాఫలకమూ చెప్పదు.

ఫలకాల మీద గురువుల పేర్లే ఉంటాయి. ఇంటింటికీ తిరిగి జపాలు నేర్పిన ఉపదేశులు, గుడి ఊడ్చిన ఆడవాళ్లు అందులో కనబడరు. మీ విచారణలో (పారిష్‌లో) ముసలివాళ్లుంటే, ఈ ఆదివారం పూజయ్యాక కూర్చోబెట్టి అడగండి. చెప్పింది రాసిపెట్టండి.