పసులపోలిగాడూ, నా తుపాకీ

మనిషికొక పిచ్చి. కొందరికి పేకాట, కొందరికి నాటకాలు, మా బావమరిదికి మామిడి అంట్లు. నాకు తుపాకీ. ఈ మాట వినగానే పాఠకులు నన్ను ఏ వేటగాడినో అనుకునేరు! ముప్ఫై ఏడేళ్ళు బ్యాంకులో కూర్చుని పరాయివాళ్ళ డబ్బు లెక్కపెట్టి రిటైరైన వాణ్ణి. బొద్దింక కనిపిస్తే మా ఆవిడను కేకవేసే రకం.

ఈ పిచ్చి నాకు కాలేజీలో ఎన్.సి.సి.లో చేరినప్పుడు అంటుకుంది. క్యాంపులో బోర్లా పడుకోబెట్టి, .22 రైఫిలు చేతికిచ్చి, అయిదు గుళ్ళు కాల్చమన్నారు. అయిదూ ఒక్క అరచేతి మేరలో పడ్డాయి. హవల్దారు "శభాష్" అన్నాడు. నన్నొకరు శభాష్ అనడం అదే మొదలు. లెక్క చూసుకుంటే, ఇంచుమించు అదే ఆఖరు కూడాను.

ఉద్యోగం వచ్చాక అటువంటి రైఫిలు ఒకటి స్వయంగా కూర్చుకోవాలని బుద్ధి పుట్టింది. అమెరికాలో అలా చేసుకుంటారట. గొట్టం ఒక కంపెనీది, మీట మరొకరిది, కొయ్య ఇంకొకరిది, అన్నీ తెచ్చుకుని ఇంట్లో బిగించుకుంటారట. నరసరావుపేటలో మాకు తెలిసిన ప్లీడరుగారి దగ్గర ఈ మాట కదిపాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"1959 ఆయుధాల చట్టం చూశావుటోయ్? లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చెయ్యకూడదు, బాగు చెయ్యకూడదు. చట్టం కళ్ళకు విడిభాగం కూడా ఆయుధమే. బ్యాంకు కూడు మొహం మొత్తి జైలు కూడు కావాలనిపిస్తోందా?"

"పోనీ ఎయిర్‌గన్ను?"

"అదైతే తగలెయ్యి" అన్నారు. ఇప్పుడున్న 2016 నిబంధనల్లోనూ గొట్టం బెజ్జం 4.5 మిల్లీమీటర్లూ, శక్తి 20 జౌళ్ళూ మించని గాలితుపాకీకి లైసెన్సు అక్కరలేదు.

1996లో మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళాం. అందరూ ప్రభలు చూస్తున్నారు. నేను బెలూన్లు కాల్పించే కొట్టు దగ్గర నిలబడిపోయాను. అతని దగ్గర విరిగిన తుపాకీ ఒకటి మూలన పడివుంది. కొయ్య లేదు, స్ప్రింగు లేదు, గొట్టం మాత్రం శుభ్రంగా వుంది. నూటయాభైకి బేరం కుదిరింది. "పిల్లాడికి బూరా కొనమంటే ఇనపగొట్టం కొంటారా?" అని మా ఆవిడ ఇంటిదాకా మాట్లాడలేదు.

గాలితుపాకీ మర్మం చెప్పాలంటే చాలా చిన్నది. గొట్టాన్ని కిందికి వంచితే లోపల పిస్టను వెనక్కి జరిగి, స్ప్రింగు ముడుచుకుని, కొక్కేనికి పడుతుంది. మీట నొక్కగానే స్ప్రింగు విప్పుకుని పిస్టన్ను ముందుకు తోస్తుంది. నలిగిన గాలి సీసపుగుండును బయటికి నెడుతుంది. గుండు డమరుకంలా నడుము సన్నగా వుంటుంది. గొట్టం లోపల మెలికలుగా గాడులుంటాయి. వాటివల్ల గుండు బొంగరంలా తిరుగుతూ, అటూ ఇటూ తూలకుండా పోతుంది.

చెప్పడం సులువే. చెయ్యబోయేసరికి సంవత్సరం పట్టింది. స్ప్రింగు కోసం హైదరాబాదు పోయాను. తెచ్చింది అంగుళం పొడవైంది. మళ్ళీ పోయాను. పిస్టను తలకు గిన్నె ఆకారంలో తోలు వాషరు కావాలి. మా వూళ్ళో చెప్పులు కుట్టే పెద్దాయన దాన్ని నాలుగుసార్లు కోసి, అయిదోసారి కుదిర్చాడు. కొయ్యపని మా ఆచారిగారిది. ఆయన దగ్గర నల్లతుమ్మ తప్ప మరొకటి లేదు.

"బరువెక్కుతుందేమో ఆచారిగారూ."

"నాగలికి పనికొచ్చిన చెక్క తుపాకీకి పనికిరాదా బాబూ?" అన్నాడాయన. నిజంగానే నాగలంత బరువొచ్చింది.

అన్నీ బిగించి, తోలు మెత్తబడుతుందని నాలుగు చుక్కలు వేరుశనగనూనె పోశాను. మీట నొక్కితే ఢామ్మని మోత, గొట్టంలోంచి పొగ! ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చారు. మా నాన్న వాసన చూసి, "ఏరా, ఆయిలింజను చేశావా?" అన్నాడు. హాస్యానికన్నా, ఆయన అన్నది అక్షరాలా నిజం. గాలిని ఒక్కసారిగా నొక్కితే వేడెక్కి నూనె అంటుకుంటుంది. డీజిలింజనులో జరిగేదీ అదే. వాషరు మాడిపోయింది. పెద్దాయన ఆరోది కోశాడు.

1997 సంక్రాంతికి తుపాకీ సిద్ధమైంది. పదిగజాల దూరాన మట్టిగోడకు అగ్గిపెట్టె ఆనించి కొడితే పదింట ఎనిమిది తగిలేవి. నా ఆనందం ఏమని చెప్పను!

ఇక అసలు సంగతి. అవి శనగపచ్చ పురుగు మందులకు లొంగకుండా తిరగబడిన రోజులు. పత్తికాయను తొలిచేది, మిరపకాయను తొలిచేది. గుంటూరు సీమలో రైతులు ఒక మందు మీద ఇంకో మందు కొట్టి అప్పులపాలయ్యారు. మా నాన్నకు మందుకొట్టులో ఖాతా ఎంతైందో ఆయన నాకు చెప్పలేదు, బ్యాంకులో వున్న నేనూ అడగలేదు. ఆ యేడు వ్యవసాయశాఖ వాళ్ళు చెప్పారని చేలో అక్కడక్కడా పంగల కర్రలు పాతాడు. పక్షులు వాలి పురుగుల్ని ఏరుకు తింటాయని. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే వెళ్ళి ఏ కర్రమీద ఏ పిట్ట వాలిందో చూసుకు వచ్చేవాడు.

కనుమనాడు మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని తుపాకీతో చేలోకి వెళ్ళాను. గట్టుమీద డబ్బా పెట్టి కొడుతున్నాను. వాడికి పదేళ్ళు. వాడికి డబ్బా విసుగు పుట్టింది.

"మావయ్యా, ఆ పిట్టను కొట్టగలవా?"

మిరపచేలో కర్రమీద పసులపోలిగాడు కూర్చున్నాడు. నల్లగా, తోక రెండుగా చీలి. పిట్టల జోలికి పోనని మా అమ్మకు మాటిచ్చాను. 1972 నాటి వన్యప్రాణి చట్టం సంగతీ ఎరుగుదును. కాని వాడు నా మొహంలోకి చూస్తున్నాడు. పాతికేళ్ళనాటి శభాష్ చెవిలో మోగింది.

మీట నొక్కాను. పిట్ట చప్పుడు చెయ్యకుండా రాలింది.

మేనల్లుడు చప్పట్లు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పత్తి తీసే కూలీల దగ్గరున్న మా నాన్న నడుచుకుంటూ వచ్చాడు. వంగి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. ముక్కున సగం మింగిన పచ్చపురుగు అలాగే వుంది. ఆయన దాన్ని లాగి నా ముందు పెట్టాడు.

"నీ తుపాకీ పిట్టను కొడుతుంది సరే. ఈ పురుగును కొడుతుందేమో కనుక్కో" అన్నాడు. కాసేపాగి, "వీడు నన్ను కూలి అడగలేదురా. అప్పూ రాసుకోలేదు" అన్నాడు.

అంతే. తిట్టలేదు. ఆ కర్ర మొదట్లోనే చేత్తో నల్లరేగడి తవ్వి పూడ్చాడు. తిట్టివుంటే ఆ సాయంత్రానికి మరిచిపోయేవాణ్ణేమో. తుపాకీకి గోనెపట్టా చుట్టి అటకెక్కించాను. మా నాన్న 2009లో పోయాడు. బతికినన్నాళ్ళూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నిరుడు వేసవి సెలవుల్లో మనవడు అటకమీద దాన్ని కనిపెట్టాడు. వాడు హైదరాబాదులో ఎయిర్‌రైఫిలు నేర్చుకుంటున్నాడు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012లో లండనులో మన హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది పది మీటర్ల గాలిరైఫిలుతోనేనని వాడే చెప్పాడు. లక్ష్యం నడిమి చుక్క అర మిల్లీమీటరేనట! వాషరు బీటలిచ్చింది. పెద్దాయన కొడుకు ఏడోది కోశాడు. కాయితం తప్ప మరొకటి కొట్టనని ఒట్టు వేయించుకుని వాడి చేతికిచ్చాను.

వాడు తుమ్మకొయ్యను భుజానికి ఆనించి, బరువుకు మూలిగి, నా వైపు తిరిగాడు.

"తాతయ్యా, నువ్వెప్పుడైనా పిట్టను కొట్టావా?"

"కొట్టానురా. ఒక్కటి."

"గురి తప్పలేదా?"

"తప్పలేదు. తప్పివుంటే బాగుండేది" అన్నాను.