నేను సగమే చెప్పిన సాక్ష్యము



2024 జనవరిలో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, మా అబ్బాయి వెళ్ళే తెలుగు సహవాసంలో నేనొక సాక్ష్యం చెప్పాను. మంచు మీద మా కారు గిర్రున తిరిగిపోయిందనీ, ఎదురుగా పెద్ద లారీ వస్తున్నదనీ, అయినా దేవుడు మమ్మల్ని చిన్న గాయం కూడా లేకుండా కాపాడాడనీ చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నేను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. కాని సగమే చెప్పాను. చెప్పని సగంలో టైర్ల సంగతి ఉన్నది, నా పిసినారితనం సంగతి ఉన్నది. అది ఇప్పుడు వ్రాస్తున్నాను.

మాది బాపట్ల దగ్గర ఒక పల్లె. నేను బడిపంతులుగా రిటైరయ్యాను. మూడెకరాల మాగాణి ఉన్నది. మా కోడలి పురుటికని 2023 అక్టోబరులో నేనూ మా ఆవిడా మిచిగన్ వెళ్ళాము. ఆ దేశపు వింతల గూర్చి ఇదివరకే చాలామంది వ్రాశారు గనుక వాటి జోలికి పోను.

మా అబ్బాయికి ఒక ఎర్ర కారు ఉన్నది. మస్టాంగ్ అంటారు. ఫోర్డు కంపెనీవారు 1964లో మొదట విడుదల చేసిన స్పోర్ట్స్ కారు అది. ఇప్పటికీ మిచిగన్‌లోనే ఫ్లాట్ రాక్ అనే ఊళ్ళో తయారవుతుంది. మావాడు పదో తరగతిలో ఉన్నప్పుడే దాని బొమ్మ లెక్కల పుస్తకానికి అట్టగా వేసుకున్నాడు. నేను చించేశాను. ఉద్యోగం వచ్చిన ఏడేళ్ళకు పాతది ఒకటి కొనుక్కున్నాడు. రెండే తలుపులు. వెనుక సీటులో కూర్చుంటే నా మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. మా ఆవిడ ఒకసారి ఎక్కి, దిగేటప్పుడు ఇద్దరు లాగవలసి వచ్చిన తరువాత మళ్ళీ ఆ కారు ప్రక్కకు పోలేదు.

ఈ కారుకు ముందు ఇంజను, వెనుక చక్రాలు తిరుగుడు. మన ట్రాక్టరుకు కూడా అంతే కదా అని నేను సంతోషించాను. కాని తేడా ఉన్నది. ట్రాక్టరు వెనుక చక్రాలు పెద్దవి, బరువైనవి. చాలదన్నట్లు బరువు కొరకు ఆ టైర్లలో నీళ్ళు కూడా నింపుతాము. దమ్ము చేసేటప్పుడు ఇనుప చక్రాలు తగిలిస్తాము. మస్టాంగ్‌కు బరువులో ఎక్కువ పాలు ముక్కు దగ్గర ఉన్నది, వెనుక తేలిక. మన ఊరి ట్రాక్టర్లు నలభై, యాభై గుర్రాల శక్తివి. ఇది మూడు వందల పైచిలుకు. అంత శక్తి, తేలికగా ఉన్న వెనుక చక్రాల మీద, జారే నేలమీద పడితే ఏమవుతుందో రేగడి చేలో బండి తోలినవాడెవడికైనా తెలుస్తుంది. నాకూ తెలుసు. తెలిసి కూడా చేశాను.

నవంబరులో ఒక రాత్రి భోజనాల దగ్గర మావాడు, "నాన్నా, ఈ కారుకు చలికాలపు టైర్లు వేయించాలి. ఇప్పుడున్నవి వేసవి టైర్లు. పాత యజమాని వేయించినవి" అన్నాడు. టైర్లలో కూడా కాలాలు ఉంటాయా అని అడిగాను. వాడు ఓపికగా చెప్పాడు. వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువన గట్టిపడిపోతుంది. మన ఇంట్లో కొబ్బరినూనె చలికి గడ్డకట్టినట్లు అనుకోండి. గట్టిపడిన రబ్బరు రోడ్డును పట్టుకోదు. కొత్తదైనా, గాట్లు నిండుగా ఉన్నా సరే పట్టుకోదు. చలికాలపు టైరు రబ్బరు మిశ్రమం వేరు, గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా ఉంటుంది. దాని మీద బ్లేడుతో కోసినట్లు వందలాది సన్నని కోతలు ఉంటాయి. మంచును పట్టుకునేవి అవే. టైరు ప్రక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచురేకు బొమ్మ ఉంటే అది మంచు మీద పరీక్షకు నిలిచిన టైరు. ఎం, ఎస్ అనే అక్షరాలు మాత్రమే ఉంటే, అది గాట్ల రూపాన్ని బట్టి వేసిన గుర్తే గాని పరీక్ష కాదు. ఈ విద్య కొత్తదేమీ కాదట. ఫిన్లాండు దేశస్థులు 1934లోనే లారీల కొరకు మంచు టైరు తయారుచేశారు.

"ఎంతవుతుంది?" అని అడిగాను.

"రిమ్ములతో కలిపి నాలుగింటికీ పన్నెండు వందల డాలర్లు."

మన లెక్కలో లక్ష రూపాయలు! అన్నం ముద్ద నోట్లోనే ఆగిపోయింది. నేను మొదట వేసిన ప్రశ్న ట్రాక్టరు బుర్రతో వేసినదే. తిరిగేవి వెనుక చక్రాలే కదా, రెండు చాలవా అన్నాను. వాడు చాలవన్నాడు. వెనుక రెండే వేస్తే కారు బయలుదేరుతుంది గాని, మలుపు తిప్పేవి ముందు చక్రాలు, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం మోసేవీ అవే. అవి జారితే కారు తిరగదు, ఆగదు. పోనీ, డిక్కీలో నాలుగు ఇసుక మూటలు వేసుకో అన్నాను. బరువు కొంత సాయమే గాని, బరువు పెరిగితే ఆపడం కూడా కష్టమవుతుంది నాన్నా అన్నాడు. కారులో జారకుండా ఆపే కంప్యూటరు ఉన్నదన్నావు కదా అన్నాను. "అది చక్రాన్ని పట్టుకోగలదు, రోడ్డును పట్టుకోలేదు" అన్నాడు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు ఈ టైర్లు లేకుండా కారు నడపడం చట్టవిరుద్ధమట. మిచిగన్‌లో అలాంటి చట్టం లేదు.

చట్టం లేదన్న మాట నాకు చాలా నచ్చింది. అప్పుడు నేను అన్న మాట ఇది: "రోజూ ప్రార్థన చేసికొనే బయలుదేరుతున్నావు కదరా. దేవుడు కాపాడడా? రేపు బిడ్డ పుడితే ఖర్చులుండవా? లక్ష రూపాయలు రబ్బరులో పొయ్యాలా?"

వాడు నా మొహం చూశాడు, కంచం చూశాడు, ఇంకేమీ మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళు దాటినవాడు, తండ్రి మాటకు ఎదురు చెప్పడం ఎందుకని ఊరకున్నాడు. నేను వాడికి విశ్వాసం నేర్పాననుకొని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

డిసెంబరులో మంచు అంతగా పడలేదు. చూశావా అన్నట్లు నేను కిటికీలోనుండి చూపించేవాణ్ణి కూడా. జనవరిలో పడింది. ఒక శనివారం, మా ఆవిడ పురుటి సరుకులని శొంఠి, వెల్లుల్లి, వాము వ్రాసి ఇస్తే, నేనూ మావాడూ ఇండియన్ దుకాణానికి ఎర్ర కారులో బయలుదేరాము. చలి సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉన్నది. మావాడు సైకిలంత మెల్లగా నడుపుతున్నాడు. దీపాల దగ్గర ఎడమకు తిరిగాము. రోడ్డు తడిసినట్లు నల్లగా కనబడింది. అది తడి కాదు, గాజులాంటి మంచుపొర. తిరిగి కొంచెం కాలు మోపాడో లేదో, కారు వెనుకభాగం మమ్మల్ని దాటి ముందుకు వచ్చేసింది. వాడు కాలు తీసేశాడు, బ్రేకు తొక్కలేదు, వెళ్ళవలసిన వైపుకు స్టీరింగు తిప్పాడు. చేయవలసినవన్నీ చేశాడు. ముందు టైర్లు కూడా చెక్కలాగే ఉన్నాయి, అవి వాడి మాట వినలేదు. ఒక చుట్టు తిరిగి, ఎదురు వరుసలో అడ్డంగా నిలిచిపోయాము. మంచు తోసే లారీ మా మీదికే వస్తున్నది. దాని ముందున్న ఇనుప రేకు మా కారుకంటె ఎత్తు. ప్రార్థన చేశానని సాక్ష్యంలో చెప్పాను. నిజానికి ఆ క్షణంలో నా నోట ఏ మాటా రాలేదు.

లారీ రెండు బారల దూరంలో ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, బాగున్నారా అని అడిగాడు. మా వెనుక టైరును బూటుతో ఒకసారి తట్టాడు. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

మావాడు ఇంటికి వచ్చేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

మరునాడే నేను సాక్ష్యం చెప్పినది. ఆ రాత్రి అందరూ పడుకున్న తరువాత మంచినీళ్ళ కొరకు లేచాను. నిండు గర్భిణి గనుక నిద్రపట్టక మా కోడలు వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చొని ఉన్నది. ఆ కుర్చీలో ఆమె రోజూ సాయంత్రం కూర్చునేది. మంచు చూడడం ఇష్టం కాబోలనుకునేవాణ్ణి.

"సాక్ష్యం బాగుంది మామయ్యగారూ" అన్నది. కొంచెం ఆగి, "నవంబరు నుండి రోజూ సాయంత్రం ఆరు గంటలకు ఇక్కడే కూర్చుంటున్నానండీ. ఆయన కారు దీపాలు సందు తిరిగేదాకా లేవను. మీరు వద్దన్నారని ఆయన వేయించలేదు. పెద్దవారు, మీకు నేనెలా చెప్పను?" అన్నది. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉన్నది.

నేను ఇరవై ఏళ్ళు ఆదివారపు బడిలో నెహెమ్యా పాఠం చెప్పినవాణ్ణి. యెరూషలేము గోడ కట్టేటప్పుడు శత్రువులు వస్తున్నారని తెలిసి, వాళ్ళు దేవునికి ప్రార్థన చేశారు, కావలివాళ్ళను కూడా నిలిపారు. ప్రార్థన చేశాము గనుక కావలి ఎందుకని ఎవరూ అనలేదు. పిల్లలచేత ఆ రెండు మాటలూ వ్రేళ్ళమీద లెక్కపెట్టించేవాణ్ణి. ఆ రాత్రి మంచం మీద నా వ్రేళ్ళు నేను లెక్కపెట్టుకున్నాను. నేను కాపాడింది విశ్వాసాన్ని కాదు, లక్ష రూపాయలను. దానికి దేవుని పేరు పెట్టాను, అంతే.

సోమవారం టైర్ల దుకాణానికి నేనే వెంటబడి తీసుకెళ్ళాను. ఇద్దరం మా కోడలి చిన్న కారులో వెళ్ళి, కొత్తవి ఎర్ర కారుకు వేయించేవరకు అది కదలకూడదన్నాను. వేసవి టైర్ల వెడల్పు 255 మిల్లీమీటర్లు. ఇవి 235వి, రిమ్ము కూడా ఒక అంగుళం చిన్నది. సన్నవి ఎందుకంటే, వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది, సన్నది మంచును కోసుకొని క్రిందికి దిగుతుంది. ఇది మన ఎడ్లబండి చక్రం చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. టైరు ప్రక్కన నాలుగు అంకెల గుర్తు చూడమన్నాడు మావాడు. 3823 అని ఉంటే 2023లో 38వ వారంలో తయారైనదని అర్థం. ఈ గుర్తు మన దేశపు టైర్ల మీద కూడా ఉంటుంది, కొనేటప్పుడు చూసుకోండి. చలికి టైరులో గాలి ఒత్తిడి కూడా పడిపోతుంది గనుక వారం వారం చూసుకోవాలట. ఇంకొక సంగతి, చలికాలమంతా వేసవి టైర్లు షెడ్డులో ఉంటాయి గనుక అవి అరగవు. అంటే లక్షకు లక్షా పోయినట్లు కాదు. లెక్కలు చెప్పిన పంతులుకు ఈ లెక్క నవంబరులో తట్టలేదు.

టైర్లు బిగించిన సాయంత్రం మావాడు నన్ను ఎక్కించుకొని ఖాళీగా ఉన్న ఒక పెద్ద పార్కింగు స్థలానికి వెళ్ళాడు. అక్కడ కావాలని బ్రేకు తొక్కి, తిప్పి, ఎక్కడ జారుతుందో, జారితే ఎలా వస్తుందో చూసుకున్నాడు. జారలేదని కాదు, జారింది. కాని తిప్పిన వైపుకు తిరిగింది, తొక్కితే ఆగింది. ఎవరూ లేని చోట ముందే ఒకసారి జారి చూసుకోవడం కూడా అక్కడివాళ్ళ పద్ధతేనట.

నా పెన్షనులోనుండి డబ్బు ఇస్తానన్నాను. మావాడు ఒప్పుకోలేదు. బలవంతం చేస్తే నవ్వి, "రెండు చాలన్నావుగా నాన్నా, ఆ రెండింటికీ నువ్వివ్వు" అన్నాడు. ఇచ్చాను.

ఆ నెలాఖరులో మనుమరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమము, దేవునికి స్తోత్రము. అంతకు ముందు, కొత్త టైర్లతో మావాడు ఆఫీసుకు వెళ్ళిన మొదటి రోజు సాయంత్రం ఆరు గంటలకు మళ్ళీ మంచు పడుతున్నది. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉన్నది. మా కోడలు లోపల గదిలో నిద్రపోతున్నది. ఆ కుర్చీలో నేను కూర్చొని, ఎర్ర కారు దీపాలు సందు తిరిగేవరకు చూశాను.