ఏరు దాటితే రూపాయి మారేది

ఆదోని, ఎమ్మిగనూరు నుంచి మాధవరం బ్రిడ్జి మీదుగా రాయచూరు వెళ్లేవాళ్లకి ఈ సంగతి తెలుసా? తాతల కాలంలో ఆ తుంగభద్రే రెండు రూపాయల మధ్య పొలిమేర!

1800లో నిజాం మన సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. 1835 చట్టంతో ఇవతల కంపెనీ రూపాయే లెక్క: 180 గ్రెయిన్లు, అంటే తులం ఎత్తు. అవతలి గట్టున నిజాం హాలీ సిక్కా. సర్కారు మారకం రేటు ప్రకారం 7 హాలీ రూపాయలకు 6 బ్రిటిష్ రూపాయలు. ఏరు దాటి పత్తి బేరం చేసేవాళ్లకి ఈ లెక్క నోటికి వచ్చి తీరాలి.

అంతకుముందు ఆదోనికే సొంత టంకశాల ఉండేది. ఔరంగజేబు కాలంలో ఊరి పేరు ఇంతియాజ్‌గఢ్, ఆ పేరుతోనే నాణేలు పడ్డాయి.

డబ్బు ఎవడు కొడితే రాజ్యం వాడిదన్నమాట. ఇప్పుడు రెండు గట్లనా ఫోన్‌పేనే!