గన్‌ఫౌండ్రీ గంటలు

నాంపల్లి స్టేషన్లో దిగి, ఆటోవాళ్లు పిలుస్తున్నా ఎక్కకుండా నడక మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున ఆబిడ్స్‌ని నడిచే చూడాలి. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం ఇక్కడే ఉండేదట. ఆయన పేరే ఈ పేటకు నిలిచిపోయింది. పుస్తకాలకు తిరుగుదారిలో రావచ్చనుకుని, జీపీఓ దాటి గన్‌ఫౌండ్రీ వైపు మళ్లాను.

హైదరాబాద్ అంటే మూసీకి అవతల, కోటగోడల మధ్య ఉన్న ఊరే అయిన రోజుల్లో ఇదంతా ఊరి బయట. 1786లో రెండో నిజాం కోసం రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఇక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. ఆయన పుట్టింది గాస్కనీలో, ద్రాక్షతోటల సీమలో. అక్కడికి సెలవుల్లో వెళ్లినవాళ్లు తోటల మధ్య పల్లె చర్చిలు చూసి వస్తుంటారు. నేను ఆ గాస్కనీవాడి కార్ఖానా పేరు మోస్తున్న పేటలోనే చర్చి చూడబోతున్నాను.

సెయింట్ జోసెఫ్ కథీడ్రల్‌కు 1870 మార్చి 18న పునాదిరాయి పడింది. స్థలం కొని పని మొదలుపెట్టించింది ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ బార్బెరో. 1875 క్రిస్మస్‌కు తలుపులు తెరిచారు. ముందువైపు జంట గోపురాలు తర్వాత, 1891లో లేచాయి. మరుసటేడు ఇటలీ నుంచి గంటలు వచ్చాయి. గంట పోసినా, పాతకాలపు ఫిరంగి పోసినా కంచుతోనే కదా! తోపులు పోసిన చోటికి అదే లోహం గంటలై రావడం నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టేసింది. ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చరిత్ర ఇదే.

తెలుగు పూజ అప్పుడే ముగిసినట్టుంది. మరియమ్మ స్వరూపం ముందు ఇనప పళ్లెంలో కొవ్వొత్తులు ఒకదాని మీదికొకటి ఒరిగి కరుగుతున్నాయి. ఒక పెద్దావిడ కొంగు పక్కకు పట్టుకుని, ఆరిపోయిన వత్తుల్ని పక్కవాటితో మళ్లీ వెలిగిస్తోంది. నన్ను చూసి చోటిచ్చింది. పూజలో వాడే ద్రాక్షారసం ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా అని అడిగాను.

“అది ఫాదర్‌గారినే అడగాలె బిడ్డా. మా చిన్నప్పుడు మేడ్చల్ దిక్కు పోతే ఎటుజూసినా అంగూర్ తోటలే ఉండె. అనాబెషాహి. ఒక్కో గుత్తి ఇంత ఉండేది,” అని మోచేతి దాకా చూపించింది. “ఇప్పుడు తోటలేవి, అన్నీ ఇండ్లే.”

గింజలుండే ఆ పొడుగు పండు హైదరాబాదుదే. గింజల్లేని రకం వచ్చి దాన్ని బజారులోంచి తప్పించింది. మిగిలిన తోటల్ని ప్లాట్లు మింగేశాయి. చిన్నప్పుడు నేనూ తిన్నాను, పలచటి తొక్క, నోరంతా రసం.

మధ్యాహ్నం మూసారాంబాగ్ వెళ్లాను. 1798లో చనిపోయిన రేమండ్ సమాధి అక్కడి గుట్ట మీదే ఉంది.