రెండు ఊళ్లు, ఒకటే బెంగ

డార్ట్‌మత్ నుంచి హాలిఫాక్స్‌కి రేవు దాటించే ఫెర్రీలో కుడివైపు కూర్చోవాలి. కెనడా నేవీ డాక్‌యార్డు అటే కనిపిస్తుంది. మా అల్లుడు ఆఫీసుకి రోజూ ఆ ఫెర్రీలోనే వెళ్తాడు గానీ, అక్కడ కట్టేసి ఉన్న బూడిదరంగు ఓడలు ఎన్నో, ఏవో అతనికి పట్టదు. నాకు పడుతుంది. విశాఖలో సింధియా జంక్షన్ దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో ఇద్దరు షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఓడ కనిపిస్తే ముందు నీటిగీత దగ్గర తుప్పు ఎంతుందో చూడడం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

మొదటిసారి దాటినప్పుడు దగ్గరగా కనబడిన ఫ్రిగేట్ పక్కమీద 330 అని అంకె ఉంది. అది హెచ్‌ఎంసీఎస్ హాలిఫాక్స్. ఊరి పేరే ఓడకి పెట్టుకున్నారు. 1992లో నేవీలో చేరింది. దాని వెనకాలే మరో పదకొండు వచ్చాయి, ఆఖరిది 1996లో. పన్నెండింటిలో ఏడు ఇక్కడ అట్లాంటిక్ వైపు, ఐదు అటు పసిఫిక్ తీరంలో ఎస్క్వైమాల్ట్‌లో ఉంటాయి. రష్యా మీద నిఘాకి వెళ్లాలన్నా, నాటో దళంతో మధ్యధరా సముద్రంలో తిరగాలన్నా, తైవాన్ జలసంధి దాటాలన్నా ఈ పన్నెండే దిక్కు. అంతకుముందున్న ట్రైబల్ తరగతి డిస్ట్రాయర్లలో చివరిదాన్ని 2017లో పంపించేశారు. వాటి స్థానంలో ఇంకా ఏదీ రాలేదు.

తుప్పు ఉంది. దాచలేదు, దాచలేరు కూడా. ఉత్తర అట్లాంటిక్ ఉప్పునీరు అలాంటిది.

యుద్ధనౌకని ముప్పై ఏళ్ల లెక్కన కడతారు. సగం వయసు గడిచేసరికి ఇనుము బాగానే ఉంటుంది, బుర్రే పాతబడుతుంది. 1980ల మొదట్లో గీసిన నమూనాలో కంప్యూటర్లు ఎలాంటివో ఊహించుకోవచ్చు. అందుకే 2010లో ఈ హాలిఫాక్స్‌నే మొదట రీఫిట్‌కి తీసుకున్నారు. ఏడు ఓడల పని ఈ ఊళ్లో, ఐదింటిది పసిఫిక్ వైపు విక్టోరియాలో. ఒక్కోదానికి ఏడాదిన్నర దాకా పట్టింది. హల్ ఉంచారు, ఇంజన్లు ఉంచారు. రాడార్లు మార్చారు, ముందున్న 57 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకీని మెరుగుపరిచారు, ఆపరేషన్స్ రూములోని తెరలూ కన్సోళ్లూ పీకేసి లాక్‌హీడ్ మార్టిన్ కెనడా తయారుచేసిన కొత్త పోరాట వ్యవస్థని పెట్టారు. గోడలు కూల్చకుండా పాత ఇంటి వైరింగంతా మార్చినట్టన్నమాట. కొత్త ఇల్లు కట్టడం కంటే ఇదే చిరాకు పని. ఏ గోడ వెనక ఏ తీగ ఎటు పోయిందో పాత మేస్త్రీకే తెలుస్తుంది, ఆ మేస్త్రీ రిటైరై పోయుంటాడు.

మొత్తం ఖర్చు దాదాపు 430 కోట్ల కెనడా డాలర్లు. చెప్పిన బడ్జెట్ దాటలేదని అక్కడి రక్షణ శాఖ గర్వంగా చెప్పుకుంటుంది. ఆ గర్వం నాకు అర్థమవుతుంది. మా విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుకి 2006లో రీఫిట్‌కొచ్చిన సింధుకీర్తి జలాంతర్గామి మళ్లీ నేవీలోకి వెళ్లేసరికి 2015 వచ్చింది. ‘అది ఇంకా ఉందా?’ అని ఊళ్లో జోకులు వేసుకునేవాళ్లు. విక్టోరియాలో చేసిన పని చూసి న్యూజిలాండ్ తన రెండు ఫ్రిగేట్లు తె కాహా, తె మానాలని అక్కడికే పంపి అదే వ్యవస్థ పెట్టించుకుంది. పాత ఓడని బాగుచేయడం నేర్చుకుంటే పొరుగువాళ్లు కూడా తెచ్చిస్తారన్నమాట.

అయితే అన్నీ ఇంత సజావుగా జరగలేదు. ఈ ఓడల మీద దిగే సీ కింగ్ హెలికాప్టర్ల కథ కెనడాలో ఎవర్నడిగినా నవ్వుతూ చెబుతారు. అవి 1963లో సేవలోకొచ్చాయి. వాటి బదులు కొత్తవి కొనడానికి 1992లో ఆర్డరిచ్చారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో గెలిచిన జాన్ క్రెట్యెన్ ఆ ఆర్డరు రద్దుచేశారు. రద్దు చేసినందుకు కట్టిన సొమ్మే దాదాపు 48 కోట్ల డాలర్లు. చివరి సీ కింగ్ ఎగరడం మానింది 2018లో. యాభై అయిదేళ్లు! తాతా మనవడూ ఒకే హెలికాప్టర్ నడిపే అవకాశం ఉన్న నేవీ అన్నమాట. కొత్తగా వచ్చిన సైక్లోన్ హెలికాప్టర్ పెద్దది కావడంతో ఓడల హ్యాంగర్లని కూడా సవరించాల్సి వచ్చింది.

ఫెర్రీ నడిరేవుకి వచ్చాక, మెక్‌డొనాల్డ్ వంతెన అవతల ఒక పొడవాటి షెడ్డు కనిపిస్తుంది. షెడ్డు అంటే నవ్వుతారేమో. ఆ పెద్ద కట్టడం లోపల ఓడ భాగాలని తల్లకిందులుగా వెల్డింగ్ చేసి, తిప్పి, జోడించి, మూడు పెద్ద దిమ్మలుగా బయటికి తెచ్చి కలుపుతారు. అదే ఇర్వింగ్ వాళ్ల హాలిఫాక్స్ షిప్‌యార్డు. లోపలికి నాబోటివాళ్లని రానివ్వరు. డార్ట్‌మత్ గట్టున బెంచీ మీద కూర్చుని, గాలికి మంకీక్యాపు పెట్టుకుని, చూసినంతసేపు చూశాను.

ఆ షెడ్డుని కొత్తగా ఎందుకు కట్టాల్సొచ్చిందో తెలుసుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. హాలిఫాక్స్ తరగతి ఓడల్లో తొమ్మిదింటిని కట్టింది పక్క రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్‌లోని సెయింట్ జాన్ షిప్‌యార్డు. 1996 తర్వాత దానికి నేవీ నుంచి మరో పెద్ద ఆర్డరు రాలేదు. పన్నెండు ఓడలు చాలు, ఇంక ముప్పై ఏళ్ల దాకా అక్కర్లేదు. 2003లో యార్డుకి తాళం పడింది. వెల్డర్లు, ఫిట్టర్లు, నమూనాలు గీసేవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. మళ్లీ ఓడలు కావాల్సి వచ్చేసరికి కట్టే చేతుల్లేవు. అమెరికా లాంటి దేశం డిస్ట్రాయర్లు ఏళ్ల తరబడి కడుతూనే ఉంటుంది, యార్డు ఖాళీగా ఉండదు. చిన్న దేశమైతే పెద్ద ఓడలని బయట కట్టించుకోవడంలో తప్పు చూడదు. మధ్యలో ఉన్న కెనడాకే ఈ యాతన. సొంతంగా కట్టుకోగలదు, కానీ ఎప్పుడూ కట్టించుకునేంత అవసరం ఉండదు.

2010లో ప్రకటించిన జాతీయ నౌకానిర్మాణ వ్యూహం దీనికి విరుగుడు అన్నారు. ఒకేసారి పన్నెండు కట్టి ఊరుకోకుండా, ఏళ్ల తరబడి ఒకదాని వెనక ఒకటి కడుతూ పోవాలని ఆలోచన. 2011లో యుద్ధనౌకల పని హాలిఫాక్స్‌కి వచ్చింది. చేయి తిరగడానికి ముందు ఆర్కిటిక్ గస్తీ ఓడలు మొదలుపెట్టారు. నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ ఓడ వాటికి మాతృక. మొదటిది, హ్యారీ డివోల్ఫ్, 2020లో నేవీ చేతికొచ్చింది. మరుసటి ఏడాదే వాయవ్య మార్గం మంచుదారి గుండా వెళ్లి ఉత్తర అమెరికాని చుట్టి వచ్చింది. ఇప్పుడు అసలు పని రివర్ తరగతి డిస్ట్రాయర్లది. బ్రిటిష్ టైప్ 26 నమూనా మీద పదిహేను ఓడలు. మొదట 2600 కోట్ల డాలర్లన్న అంచనా తర్వాత 5600–6000 కోట్లకి చేరింది. మొదటిది, ఫ్రేజర్, 2030ల మొదట్లో వస్తుందంటున్నారు. అప్పటికి నేను చూసిన 330 నలభై ఏళ్లదవుతుంది.

రాత్రి భోజనాల దగ్గర ఈ లెక్క చెప్పేసరికి మా అల్లుడు కంచం మీంచి తలెత్తాడు.

“మామయ్యగారూ, అవే ఓడలు కొరియా వాడో ఇటలీ వాడో సగం ధరకి కట్టిస్తానంటే కొనుక్కోవచ్చుగా? నా జీతంలో టాక్స్ ఎంత పోతుందో చూశారా?”

“సగం ధర అని ఎవరన్నారండీ?”

“సగం కాకపోతే ముప్పాతిక. ఎంతయినా తక్కువే కదా.”

తక్కువే. అది నేను కాదనలేదు. స్వాల్‌బార్డ్‌కి నార్వే పెట్టిన ఖర్చుతో పోలిస్తే కెనడా ఆర్కిటిక్ ఓడలకి చాలా ఎక్కువ పెట్టింది. దాని మీద అక్కడి పత్రికలు గట్టిగానే రాశాయి. కానీ ఓడ కొనడం ఒక్కసారి, బాగుచేయడం ముప్పై ఏళ్లు. 2010లో హాలిఫాక్స్‌లో ఫ్రిగేట్ల వైరింగు మార్చిన చేతులు కొరియా నుంచి రావు. షిప్‌యార్డు ఊరివాణ్ణి కాబట్టి నాకు పక్షపాతం ఉందని అమ్మాయి తేల్చేసింది. ఉంది.

ఈ వాదనకి ఒక ఉదాహరణ నేనే చెప్పాను, అది నాకే ఎదురు తిరిగింది. 2014 ఫిబ్రవరిలో హవాయి దగ్గర సముద్రంలో ప్రొటెక్టర్ అనే సరఫరా ఓడ ఇంజను గదిలో మంటలు లేచాయి. లాక్కుని పెర్ల్ హార్బర్‌కి చేర్చారు. మళ్లీ సేవలోకి రాలేదు. దాని జోడీ ప్రిజర్వర్‌ని తుప్పు తినేయడంతో అదే ఏడాది పక్కనపెట్టారు. మూడు మహాసముద్రాల తీరమున్న దేశానికి నడిసముద్రంలో తన ఓడలకి నూనె పోసే ఓడ ఒక్కటీ లేకుండా పోయింది. చిలీ, స్పెయిన్ నేవీల ట్యాంకర్లని అద్దెకి అడిగి వాడుకున్నారు. క్యుబెక్‌లోని డేవీ యార్డు ఒక కంటెయినర్ ఓడని సరఫరా ఓడగా మార్చి లీజుకిచ్చాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

“చూశారా,” అన్నాడు అల్లుడు, “పరాయివాడి ఓడ అరువు తెచ్చుకున్నా పని జరిగిందిగా!”

హాలిఫాక్స్ రేవుగట్టున శాక్‌విల్ అనే చిన్న ఓడ మ్యూజియంగా ఉంది. 1941 నాటి కార్వెట్, ఆ రకంలో ప్రపంచంలో మిగిలింది అదొక్కటే. లోపల తల వంచుకుని నడవాలి. పడుకోవడానికి ఊయలలు, అవీ భోజనాల బల్లల పైనే. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు కెనడా నేవీకి పదమూడు ఓడలున్నాయి, ముగిసేసరికి నాలుగు వందలు దాటాయి. సెయింట్ జాన్ దీన్నీ కట్టింది.

హాలిఫాక్స్ తర్వాత చేసిన లండన్ ప్రయాణం ఇంత తాపీగా సాగలేదు. ఇది ఒంటారియోలోని లండన్. ఇక్కడా థేమ్స్ నది ఉంది, కోవెంట్ గార్డెన్ ఉంది, రాజుగారు మాత్రం లేరు. టొరంటో నుంచి రైల్లో రెండు గంటల పైచిలుకు. మా పెద్దన్నయ్య కొడుకు అక్కడ కారు విడిభాగాల కంపెనీలో ఉంటున్నాడు. స్టేషనుకి వచ్చి, “బాబాయ్, ముందు ట్యాంకు చూద్దువుగాని రా,” అని తిన్నగా విక్టోరియా పార్కుకి తీసుకెళ్లాడు. అక్కడున్నది ‘హోలీ రోలర్’ అనే షెర్మన్ ట్యాంకు. 1944లో నార్మండీ తీరాన దిగిన కెనడా ట్యాంకుల్లో యుద్ధం చివరిదాకా బతికి బయటపడినవి రెండే, అందులో ఇదొకటి. తుప్పు పట్టిపోతుంటే ఊరివాళ్లు విప్పదీసి, బాగుచేసి, 2022లో మళ్లీ తెచ్చి పెట్టారు. చుట్టూ తిరిగి తడిమి చూశాను. వెల్డింగు బాగుంది.

ఈ ఊళ్లో కవచ వాహనాలు కట్టే ప్లాంటు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ తూర్పు చివర, విమానాశ్రయం దారిలో ఉంది. మొదట జనరల్ మోటార్స్‌ది, రైలింజన్లు చేసేవారు. తర్వాత ఎనిమిది చక్రాల ల్యావ్ బళ్లు మొదలయ్యాయి, 2003 నుంచి జనరల్ డైనమిక్స్ చేతిలో ఉంది. కెనడా సైన్యం 651 ల్యావ్-3 బళ్లు తీసుకుంది. అవి అఫ్ఘానిస్తాన్ వెళ్లాయి. దారిలో పాతిపెట్టిన బాంబులు అడుగు నుంచి పేలితే పేలుడు తిన్నగా లోపలున్నవాళ్లకి తగిలేది. ఆ యుద్ధంలో కెనడా 150 మందికి పైగా సైనికుల్ని పోగొట్టుకుంది. అందుకే 2011లో 550 బళ్ల ఆధునికీకరణకి ఆర్డరిచ్చారు. అడుగుభాగాన్ని జంట వి ఆకారంలో మలిచారు, పేలుడు పక్కలకి చెదిరిపోతుంది. కవచం మందం చేశారు, బరువు పెరిగింది కాబట్టి 350 హార్స్‌పవర్ ఇంజను తీసి 450ది పెట్టారు. సస్పెన్షన్, చక్రాలు, అన్నీ దానికి తగ్గట్టు. ఒకటి మారిస్తే మరొకటి మార్చక తప్పదు. దీన్ని ల్యావ్-6 అంటున్నారు.

“550 బళ్లు ఎన్నాళ్లొస్తాయిరా?” అన్నాను.

“అదే కదా బాబాయ్. అందుకే సౌదీకి అమ్ముతారు.”

2014లో కుదిరిన ఆ బేరం విలువ దాదాపు 1500 కోట్ల డాలర్లు. కెనడా సొంత ఆర్డరు దాని ముందు చిన్నది. సౌదీ వాళ్లు ఆ బళ్లని ఎవరి మీద వాడతారన్న ప్రశ్న మొదట్నుంచీ ఉంది. 2018లో సౌదీ పాత్రికేయుడు ఖషోగ్గీ హత్య తర్వాత అది పార్లమెంటుని కుదిపేసింది. కొత్త ఎగుమతి అనుమతులు ఆపారు, 2020లో షరతులు మార్చి మళ్లీ ఇచ్చారు. హాలిఫాక్స్‌లో నేను సమర్థించిన వాదన ఇక్కడ గొంతులో అడ్డం పడింది. చేతుల్ని ఖాళీగా ఉంచకూడదు, నిజమే. కానీ ఆ చేతులకి పని దొరికేది ఎవరి మీద ఎక్కుపెట్టిన తుపాకీ వల్ల? మా వాడి పక్కింటాయన ఇదే ప్రశ్న వింటూ వింటూ విసిగిపోయాడట. ఆయన ఒకప్పుడు ఇక్కడి రైలింజన్ల ప్లాంటులో పనిచేసేవాడు. 2012లో లాకౌట్ పెట్టి మూసేశారు, నాలుగు వందలమందికి పైగా రోడ్డున పడ్డారు. పని పోవడం అంటే ఏమిటో ఈ వీధికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

సౌదీ చెల్లింపులు ఆలస్యమైనప్పుడు 2019లో ఒటావా ప్రభుత్వం తన సైన్యానికి 360 సహాయక కవచ వాహనాలకి ఆర్డరిచ్చి, ప్లాంటుకి 65 కోట్ల డాలర్ల దాకా అప్పు కూడా ఇచ్చింది. అంబులెన్సులు, కమాండ్ బళ్లు, చెడిన బళ్లని లాక్కొచ్చేవి, ఇలాంటివి. పాత ఎం-113ల స్థానంలో. 2022లో ఉక్రెయిన్ అడిగేసరికి ఆ వరసలోంచే 39 తీసి పంపారు. సైన్యానికి తగ్గిన ఆ 39 మళ్లీ కట్టాలి. మా వాడి పక్కింటాయన కొడుకు ఆ ప్లాంటులోనే వెల్డరు.