అన్నం తగ్గిన ఫ్రైడ్ రైస్

ఫ్రైడ్ రైస్ మానేయమని చెప్పడం ఎవరికైనా తేలికే. రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాద్ మాదాపూర్‌లో క్యాబ్ ఎక్కి, పదిన్నర దాటాక బాచుపల్లి చౌరస్తాలో ఆకలితో దిగే పిల్లవాడికి ఆ మాట మింగుడు పడదు. మా చెల్లెలి కొడుకు అలాంటివాడే. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఆఫీసువాళ్లు ఏటా చేయించే పరీక్షల్లో ఈసారి స్కానింగ్ చూసి ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్ అని రాసిచ్చారు. ముప్పై కూడా నిండలేదు. ఆ కాగితం నా చేతిలో పెట్టి, "పెద్దమ్మా, స్వీట్లు మానేస్తా, కూల్‌డ్రింకులు మానేస్తా. ఫ్రైడ్ రైస్ మాత్రం నా వల్ల కాదు" అన్నాడు. మానొద్దులే, సంగతి చూద్దాం అన్నాను.

వాడొక్కడి సంగతే అయితే ఇంత ఆలోచించేదాన్ని కాదు. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులూ ఏఐజీ ఆసుపత్రి వైద్యులూ కలిసి ఈ నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. వాళ్లలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని, 71 శాతం మంది ఊబకాయులని 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ప్రచురించారు. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, నిద్ర చాలకపోవడం, పని ఒత్తిడి, వేళాపాళా లేని తిండి, అన్నీ కలిసి చేసిన పని ఇది. ఆ అంకె చదివాక మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో మెడలో ఐడీ కార్డుతో ఎదురయ్యే ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా నా కంటికి వేరేగా కనిపిస్తున్నారు.

బాచుపల్లి ఇప్పుడు రాత్రి పూట వండుకునే ఊరు కాదు. ఒకవైపు ఇంజనీరింగ్ కాలేజీలు, కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లు, మరోవైపు మందుల కంపెనీలు, మధ్యలో రోజురోజుకీ లేస్తున్న అంతస్తులు. షిఫ్టు దిగినవాళ్లు, ట్యూషన్ విడిచిన పిల్లలు, మియాపూర్ మెట్రో దగ్గర దిగి ఆటోలో వచ్చినవాళ్లు అందరూ ఏడు దాటాక రోడ్డు మీదే ఉంటారు. నిజాంపేట నుంచి మల్లంపేట దాకా ఏ మలుపులో చూసినా ఒక ఫాస్ట్‌ఫుడ్ బండి, దాని ముందు నిలబడి తినేవాళ్లు.

ఒకరోజు మావాడితో పాటు అలాంటి ఒక బండి దగ్గరికి వెళ్లి, వంట మాస్టర్ చేయి ఎలా ఆడుతుందో దగ్గర నిలబడి చూశాను. కమర్షియల్ సిలిండర్ మంట కడాయి అంచు దాటి పైకి లేస్తోంది. స్టీలు డబ్బాలోంచి నిండు గరిటెడు నూనె పోశాడు. రెండు గుడ్లు అంచుకు కొట్టి వేశాడు. అవి పొంగి ఉబ్బేలోపు వెల్లుల్లి, గుప్పెడు క్యాబేజీ తరుగు, నాలుగు క్యారెట్ ముక్కలు. మధ్యాహ్నమే పలుకుగా వండి ఆరబెట్టిన అన్నం పెద్ద గిన్నె నిండా తీసి బోర్లించాడు. మూతలకు చిల్లులు పెట్టిన సీసాల్లోంచి సోయా సాస్, వెనిగర్. ఉప్పు, మిరియాల పొడి, కారం, గరం మసాలా, టేస్టింగ్ సాల్ట్. అన్నం గాల్లోకి లేచి మంటను తాకి తిరిగి కడాయిలో పడుతుంటే వచ్చే ఆ మాడు వాసనే, రోడ్డు అవతల ఉన్నవాణ్ని కూడా ఇవతలికి లాక్కొస్తుంది. చివర కొత్తిమీర, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పనితనం చూస్తే ఎంతో గౌరవం కలిగింది.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ఆ ప్లేటులో అన్నం తక్కువలో తక్కువ 400 గ్రాములు ఉంటుంది. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీల లెక్కన అదే 520. నూనె మూడు టేబుల్ స్పూన్లు అనుకున్నా 40 గ్రాములు దాటుతుంది. గ్రాముకు 9 కేలరీలు, అంటే 360 పైమాటే. గుడ్లు రెండూ కలిపి 140. వెయ్యి దాటిపోయింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు చాలే మనిషికి ఒక నమూనా పళ్లెం ఉంది. అందులో రోజంతటికీ నూనె 27 గ్రాములు. ధాన్యాలు 250 గ్రాములైతే, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400. మావాడు పడుకోబోయే ముందు తినే ఒక్క ప్లేటు రోజు మొత్తానికి చెప్పిన నూనెను దాటేస్తోంది. కూరగాయలేమో అందులో గుప్పెడు.

అంటే చిక్కు ఫ్రైడ్ రైస్‌లో లేదు, పాళ్లలో ఉంది. వండే పద్ధతి అదే ఉంచి పాళ్లు తిరగేస్తే చాలని నాకు గట్టిగా అనిపించింది.

ఇక్కడ చాలామంది పట్టుకునే దారులు వేరు. బియ్యం బదులు చిరుధాన్యాలు వాడితే బరువు తగ్గుతామని మా అపార్ట్‌మెంట్‌లో గట్టి నమ్మకం. చిరుధాన్యాలంటే నాకూ ఇష్టమే. పీచు ఎక్కువ, కడుపు నిండుగా ఉంటుంది, మన మెట్టనేలల పంట. అయితే కేలరీల మాటకొస్తే, భారతీయ ఆహార పదార్థాల పట్టికలో పచ్చి బియ్యానికి 100 గ్రాములకు సుమారు 356 ఉంటే, సామలకు 346. గిన్నె నిండా సామలు, గరిటెడు నూనె వేసి చేస్తే తగ్గేదేమీ ఉండదు. క్యాలీఫ్లవర్‌ను తురిమి అన్నంలా చేసే పద్ధతి ఇంకొకటి. కేలరీలు నిజంగానే బాగా తగ్గుతాయి, 100 గ్రాములకు 25 దగ్గరే. కానీ పూర్తిగా అదే పెడితే మావాడు మర్యాదకు తిని, మర్నాడు బండి దగ్గరికే వెళ్తాడు. సగం అన్నం, సగం ఆ తురుము కలిపితే మాత్రం తేడా పెద్దగా తెలియదు. చలికాలంలో గోబీ పువ్వు చవగ్గా దొరికినన్నాళ్లూ అలా చేస్తున్నాను.

బియ్యం విషయంలో మనకు దగ్గర్లోనే మంచి దారి ఉంది. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన తెలంగాణ సోనా, రైతులు ఆర్‌ఎన్‌ఆర్ 15048 అని పిలిచే రకం. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 చిల్లర దగ్గర ఉంటుందని పరీక్షల్లో తేలింది. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క. రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా కొంత నిదానంగా పెరుగుతుంది. కేలరీలు మాత్రం అన్ని బియ్యాలకూ ఉన్నట్టే ఉంటాయి కాబట్టి, ఆ పేరు చెప్పి రెండోసారి వడ్డించుకోకూడదు. గింజ సన్నం, పలుకుగా వండితే విడివిడిగా నిలుస్తుంది. మా ఇంట్లో బీపీటీ రకం బియ్యం బస్తా అయిపోగానే దీనికి మారిపోయాం. తార్నాకలోని పోషకాహార సంస్థ పుట్టుక కూడా బియ్యం చుట్టూనే ఉంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తినేవాళ్లకు వచ్చే బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న కేంద్రమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ వచ్చింది. అప్పటి బాధ బియ్యంలో పోషకం పోయినందుకు. ఇప్పటిది పళ్లెంలో బియ్యం మరీ ఎక్కువైనందుకు.

నేను చేసే తీరు ఇది. అన్నం రోజూకన్నా నీళ్లు తగ్గించి వండుతాను. పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాన్ కింద ఆరనిచ్చి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాను. చల్లబడ్డ అన్నం గింజ గట్టిపడుతుంది, ఒకదానికొకటి అంటుకోదు, ముద్ద కట్టదు. వేడి అన్నం మెత్తగా ఉండి కడాయికి అంటుకుంటుంది కాబట్టే ఇంకొంచెం నూనె, ఇంకొంచెం నూనె అని పోస్తూ పోతాం. ఫ్రైడ్ రైస్‌లో నూనె తగ్గే మొదటి చోటు ఫ్రిజ్ అని నేను అంటే మా చెల్లెలు నమ్మలేదు, చేసి చూశాక నమ్మింది. చల్లబడటంతో పిండిపదార్థంలో కొంత త్వరగా జీర్ణం కాని రకంగా మారుతుందన్నది నిజమే గానీ, ఆ లాభం చిన్నది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. వండిన అన్నాన్ని రాత్రంతా వంటింటి గట్టు మీద వదిలేసి పొద్దున వేయించకూడదు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. వెచ్చటి అన్నంలో పెరిగి విషం వదులుతాయి. మళ్లీ ఎంత వేయించినా ఆ విషం పోదు. 1970లలో ఇంగ్లండులో చైనా హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు వాంతులతో పడిపోతే అసలు సంగతి బయటపడింది. మన ఎండాకాలంలో అయితే వండిన గంటా గంటన్నరలోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

ఇనప మూకుడు పొగలు వచ్చేదాకా కాలాలి. చిన్న చెంచాతో అర చెంచా నూనె వేసి గుడ్డు ఒకటి, ఇంకో గుడ్డులోని తెల్లసొన గిలక్కొట్టి పోసి, ముక్కలుగా చేసి తీసి పక్కన పెడతాను. మళ్లీ ఒక చెంచా నూనె, వెల్లుల్లి, అల్లం, ఉల్లికాడల తెల్ల భాగం. బీన్స్, క్యారెట్ అగ్గిపుల్లంత సన్నగా, క్యాబేజీ, క్యాప్సికం. అన్నీ ఒక్కసారి గుమ్మరిస్తే నీరు వదిలి ఆవిరికి ఉడికిపోతాయి, వేగవు. రెండు విడతలుగా వేస్తాను. మంట తగ్గించను, మూత పెట్టను. మన ఇంటి పొయ్యికి బండి పొయ్యి మంట రాదు కాబట్టి ఒకసారికి ఒక్కరికే చేస్తాను. ఓపిక తీసుకునే పనే, కానీ నలుగురికీ కలిపి చేసి ముద్ద చేసుకోవడం కన్నా నయం. కూరగాయలు 200 గ్రాముల పైన పడితే, అన్నం 150 గ్రాములు. చివర ఇంకో అర చెంచా నూనె, మూకుడు అంచు వెంట చిన్న చెంచాడు సోయా సాస్. అది సలసలా కాగి వచ్చే వాసనకే మావాడు గదిలోంచి బయటికొస్తాడు. గుడ్డు ముక్కలు, తెల్ల మిరియాల పొడి, నాలుగు చుక్కల వెనిగర్, ఉల్లికాడల పచ్చ భాగం, నిమ్మచెక్క. పళ్లెం నిండుగానే ఉంటుంది. లెక్క వేస్తే 450 కేలరీల లోపు.

సోయా సాస్ కొలిచే వేస్తాను. ఒక టేబుల్ స్పూన్‌లో 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటారు, అంటే సోడియం 2000 మిల్లీగ్రాములు. బండి మీద సీసా వంచితే పడేది ఎవరూ కొలవరు. టేస్టింగ్ సాల్ట్ గురించి మాత్రం జనానికి ఉన్నంత భయం నాకు లేదు. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా సముద్రపు నాచులోంచి దాని రుచిని వేరు చేశాడు. మామూలు ఉప్పులో ఉన్న సోడియంలో మూడో వంతే టేస్టింగ్ సాల్ట్‌లో ఉంటుంది. దాన్ని తిట్టుకుంటూ గరిటెడు నూనెను మరిచిపోవడమే అసలు నష్టం. నాకు అవసరం రాలేదు గనక వేయను. నాలుగు పుట్టగొడుగులు వేగితే అదే రుచి వస్తుంది.

మా అమ్మకు ఇదంతా కొత్తేమీ కాదు. రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున్నే ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయలతో పోపు పెట్టి, పసుపు చల్లి, నిమ్మకాయ పిండేది. చెంచాడు పల్లి నూనెతో ఇంటిల్లిపాదికీ సరిపెట్టేది. అన్నం పొడిపొడిగా ఉండాలన్న పట్టు, మూకుడు కాలాలన్న పట్టు ఆవిడ దగ్గర చూసినవే. మావాడికి వారంలో ఒక రోజు ఆ పోపన్నమే చేసి, అందులో బీన్స్, క్యాబేజీ దండిగా వేసి పెడుతున్నాను. సోయా సాస్ లేదని అడగలేదు.

అయితే హాస్టల్ గదిలో ఉండే పిల్లలకు నా మూకుడు, నా ఫ్రిజ్ ఎక్కడివి? అందుకే ఆ బండి మాస్టర్‌నే అడిగాను. అన్నం సగం చేసి, కూరగాయలు మూడింతలు వేసి, నూనె గరిటెతో కాక చెంచాతో పోసి ఒక ప్లేటు పెట్టొచ్చు కదా అన్నాను. "అన్నం, నూనె చవకక్కా. కూరగాయలే ఖరీదు, మళ్లా అవి కోయడానికి మనిషి కావాలె. ఎనభై రూపాయల ప్లేటు వంద చెయ్యాలె, ఎవరు తింటరు?" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. బీన్స్ ధర పెరిగిన వారం నేనూ రైతు బజార్‌లో వెనక్కి తగ్గినదాన్నే. కూరగాయలు కోసి డబ్బాల్లో పెట్టే పని మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ఆడవాళ్లు సాయంత్రం చేసిపెడతామన్నారు, కూలి ఎంతో మాట్లాడుకోవాలి. వంద రూపాయలకు తినేవాళ్లు మా బ్లాకులోనే పదిహేను మంది పేర్లిచ్చారు. ఆ కాగితం తీసుకెళ్లి అతనికిచ్చాను. సోమవారం నుంచి మొదలుపెట్టి చూస్తానన్నాడు.