వెలుగు – ఛాయ

గ్రీకుభాషలో ‘ఫోటో’ అనే మాటకు వెలుగు అని, ‘గ్రాఫ్’ అనే మాటకు రాయడం అని అర్థాలు. వెలుగుతో రాసే రాత కనుక పాశ్చాత్యులు ఈ కళకు ఫోటోగ్రఫీ అని పేరు పెట్టారు. తెలుగులో ఛాయాచిత్రం అన్న పేరు స్థిరపడింది. ఛాయ అంటే నీడ, ప్రతిబింబం, శరీరపు వన్నె కూడా. చామనఛాయ అనే మాటలో ఉన్నది ఈ మూడవ అర్థమే. కెమెరాను కొత్తగా చేతబట్టినవారికి రెండు పేర్లూ పాఠాలే. అయితే రెండవ పాఠం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

1826–27 ప్రాంతంలో ఫ్రాన్సుదేశీయుడైన నీసెఫోర్ నీప్స్ తన ఇంటి కిటికీ నుండి కనబడే దృశ్యాన్ని లోహపు పలకపై నిలపడానికి కెమెరాను గంటల తరబడి తెరచి ఉంచవలసి వచ్చింది. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) బరువైన కెమెరాతో, గాజుపలకలతో పనిచేశాడు. పలక పాడైతే పడిన శ్రమ అంతా వృథా. తరువాత వచ్చిన ఫిల్ము రీలులో సాధారణంగా 36 చిత్రాలకే చోటు. 1975లో అమెరికాలోని కోడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన డిజిటల్ కెమెరా ఒక్క చిత్రాన్ని క్యాసెట్ టేపుపై నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకొన్నది. నేడు ఆ పని రెప్పపాటులో, ఖర్చు లేకుండా ముగుస్తుంది. ఖర్చు లేకపోవడమే ఒక చిక్కు. మీట నొక్కేముందు ఆగి చూడాలన్న నిర్బంధం ఇప్పుడు పరికరంలో లేదు. దానిని నేర్చుకొనేవారే కల్పించుకోవాలి.

అలా ఆగినప్పుడు ముందుగా గమనించవలసింది ముఖం మీద పడే వెలుగు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి తీస్తే కనుబొమ్మల కింద, ముక్కు కింద నల్లని నీడలు పడి ఎంత చక్కని ముఖమైనా అలసినట్లు కనిపిస్తుంది. అదే మనిషిని నాలుగడుగులు నడిపించి వీధి అరుగు మీద, చూరు నీడలో, బయటి వెలుగుకు ఎదురుగా కూర్చోబెడితే ముఖం మెత్తని కాంతిలో తేలుతుంది. పల్లెల్లో పెద్దవారు బియ్యం ఏరడానికి ఎంచుకొనే చోటు తరచు ఇదే. రాయీ గింజా వేరుగా కనబడే వెలుగు ముఖానికీ మంచిదే. ఫోన్ తెరను వేళ్లతో సాగదీసే జూమ్ చాలావరకు చిత్రంలో కొంత భాగాన్ని కత్తిరించి పెద్దది చేయడమే కనుక, వీలున్నచోట రెండడుగులు ముందుకు వేయడం మేలు. ఫోనులోని చిన్న ఫ్లాష్ కొద్ది అడుగుల దూరం వరకే పనిచేస్తుంది. కళాశాల వార్షికోత్సవంలో వెనుక వరుస నుండి దానిని మెరిపించేవారు ముందు కూర్చున్నవారి జుట్టును మాత్రమే వెలిగిస్తారు.

అసలు చిక్కు కెమెరా కొలతలో ఉన్నది. తాను చూస్తున్నది ఏమిటో దానికి తెలియదు. దృశ్యం నుండి వచ్చే వెలుగును కొలిచి, సగటున అది నడిమితరపు బూడిదరంగంత ఉండాలని లెక్కగట్టి, ఎంత వెలుగును లోనికి రానివ్వాలో నిర్ణయిస్తుంది. చాలా దృశ్యాలకు ఈ లెక్క సరిపోతుంది. నల్లనివాటి దగ్గర, తెల్లనివాటి దగ్గర తప్పుతుంది. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప దేవాలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. ఎర్రని ఇసుకరాతి ఆ కట్టడంలో, చూరును మోస్తున్నట్లు నునుపైన నల్లరాతి మదనికలు నిలిచి ఉన్నాయి. ఒక మదనికను చిత్రమంతా నిండేలా తీస్తే, వెలుగు చాలలేదనుకొని కెమెరా మరింత వెలుగును రానిస్తుంది. కాటుకవంటి శిల బూడిదరంగుకు దిగిపోతుంది. అదే మదనికను వెనుక ఆకాశం కనబడేలా తీస్తే, ఆకాశపు కాంతిని చూసి వెలుగును తగ్గిస్తుంది. శిల్పం నల్లని మచ్చగా మిగులుతుంది.

దీనికి ఉపాయం పరికరంలోనే ఉన్నది. కెమెరాలలో కూడిక, తీసివేత గుర్తులున్న మీట ఉంటుంది. చాలా ఫోన్లలో తెరను తాకగానే ప్రక్కన చిన్న సూర్యుని బొమ్మ కనబడుతుంది. నల్లశిల నల్లగా రావాలంటే వెలుగును తగ్గించాలి. మార్కెట్ యార్డులోని పత్తికుప్ప తెల్లగా రావాలంటే పెంచాలి. మొదట ఇది తలక్రిందుల లెక్కగా తోస్తుంది. నాలుగుసార్లు చేసి చూస్తే చేతికి అలవడుతుంది.

శిల విషయంలో పోయేది కొంత రంగే. మనిషి విషయం అంత తేలిక కాదు. చామనఛాయ ముఖాన్ని తెల్లగోడ ముందు నిలబెట్టి తీస్తే, గోడను చూసి కెమెరా వెలుగును తగ్గిస్తుంది. ముఖం కళ తప్పుతుంది, కన్నులు నీడలో కలిసిపోతాయి. ఆ తప్పు కొలతది. తెర మీద ఆ ముఖాన్ని తాకి, వెలుగును అక్కడ కొలవమంటే సరిపోతుంది. ఎందరో ఆ పాటి పని చేయక, తరువాత మెరుగుదిద్దే పేరుతో ముఖానికి తెలుపు పూస్తారు. కొన్ని ఫోన్లు అడగకుండానే చర్మాన్ని నునుపు చేస్తాయి. పెళ్లి ఆల్బములలో అక్కాచెల్లెళ్లందరూ ఒకే రంగుకు మారిపోవడం తరచు కనబడేదే. ఆ అమ్మాయి సొంత వన్నె చూడదగినది కాదని ఆమెకే అచ్చువేసి ఇచ్చినట్లవుతుంది. దండి తన కావ్యాదర్శంలో అర్థాలంకారాలను వివరిస్తూ స్వభావోక్తిని మొదట నిలిపాడు. ఉన్నదానిని ఉన్నట్లు కళ్లకు కట్టేలా చెప్పడమూ అలంకారమే. ముసలితల్లి నుదుటి ముడతలను చెరిపివేస్తే, ఆ చిత్రాన్ని ఆమె మనుమలు ఎలా గుర్తుపడతారు?

ఒక సాయంత్రం 50 చిత్రాలు తీసినవారు మరునాడు మూడింటిని మాత్రమే ఉంచి, తక్కినవి ఎందుకు పనికిరాలేదో ఒక్కొక్క వాక్యం రాసుకొంటే చేయి త్వరగా తిరుగుతుంది. ఉంచినవాటిని మరొకచోట కూడా దాచాలి; ఫోను పోయిననాడు చిత్రాలూ పోతాయి. వెనుకటి తరంవారు ఫోటో వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, తేదీ రాసేవారు. డిజిటల్ చిత్రంలో తేదీ, సమయం వాటంతట అవే నమోదవుతాయి. అరుగు మీద కూర్చున్నది ఎవరి నాయనమ్మో, ఆమె పేరేమిటో మాత్రం తీసినవారే రాయాలి.